మేయరు పింగ్రీ చరిత్రము

నగరపాలనమనగా వీధిదీపములు వెలిగించుట, మురుగుకాల్వలు త్రవ్వించుట మాత్రమేయని పలువురు తలంతురు. దాని వెనుక న్యాయమను పెద్ద ప్రశ్న గలదని అమెరికాలో డెట్రాయిట్ నగరమునకు మేయరైన హేజెన్ పింగ్రీ జీవితము తెలుపుచున్నది. దానిని చదువరులకు సంగ్రహముగా నివేదింతుము.

పింగ్రీ 1840లో జన్మించెను. అంతర్యుద్ధమున సైనికుడై శత్రువులచే చిక్కి చెరయందుండెను. పిమ్మట డెట్రాయిట్‌లో పాదరక్షల కర్మాగారము నెలకొల్పి ధనికుడయ్యెను. 1889లో వర్తకప్రముఖులు తమవాడని నమ్మి యాతనిని మేయరు పదవికి నిలిపి గెలిపించిరి. కాని పదవి నెక్కిన పిదప ఆతడు వారి లాభములనే ప్రశ్నింపసాగెను. గ్యాసు ధరను తగ్గింపజేసెను. ట్రాముబండి కూలిని తగ్గింపుడని కంపెనీలతో పోరెను. 1895 నాటికి వీధిదీపములకు నగరము తన సొంత విద్యుత్కేంద్రమును పొందెను.

1893లో వ్యాపారములు కూలి వేలకొలది కార్మికులు పనిలేనివారైరి. మరుసటి యేట పింగ్రీ, నగరమున బీడువడిన స్థలములను యజమానుల నడిగి తీసికొని, బీదలకు దున్నుకొన నిచ్చెను. విత్తనములకు ధనము చాలకపోగా తన మేలుజాతి గుఱ్ఱమునే అమ్మెను. ‘బంగాళాదుంపల మేయర’ని నవ్వినవారు కలరు. అయినను సుమారు 430 ఎకరములలో తొమ్మిదివందలకు పైగా కుటుంబములు పంట పండించుకొనెను. అన్నము దొరకుటయే గాక, చేయి చాపవలసిన అవమానము వారికి తప్పెను.

రైలు కంపెనీలు నగరమునకు పన్ను చెల్లింపక, తమ ఆదాయముపై రాష్ట్రమునకు మాత్రము స్వల్పముగా చెల్లించుచుండెను. ఆ లోటు ఇంటి యజమానులపై పడెను. దీనిని మార్చుట మేయరు చేతిలో లేదు. అందువలన పింగ్రీ 1896లో ప్రజలచే మిషిగన్ రాష్ట్ర గవర్నరుగా ఎన్నుకొనబడెను. రెండు పదవులును ఉంచుకొనదలచెను గాని, 1897లో రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము అది చెల్లదనెను. ఆతడు మేయరు పదవిని విడిచెను.

ఆస్తి విలువనుబట్టి రైలు కంపెనీలకు పన్ను విధించు చట్టము 1899లో వెలువడెను. న్యాయస్థానము దానిని కొట్టివేసెను. అంతట పింగ్రీ రాజ్యాంగసవరణమునకు పూనుకొనెను. 1900లో ప్రజలు అత్యధికసంఖ్యతో దానిని ఆమోదించిరి. 1901లో చట్టమయ్యెను, అప్పటికే ఆతని పదవీకాలము ముగిసెను. ఆ యేడే జూన్ 18న లండనులో మరణించెను.

ఆతడు దోషరహితుడు కాడు. సైనికసామగ్రి విక్రయములో మోసముచేసిన ఇద్దరు అధికారులను జరిమానాతో క్షమించి విడిచెను. ప్రజాధనమును కాపాడుటకై జీవితమెల్ల పోరినవాని కది తగదు. సజ్జనునకైనను అధికారమునకు హద్దు వలయుననుటకు ఇదియే సాక్ష్యము. రెండు పదవులను కూడదన్న న్యాయస్థానము మేలే చేసినదని మా అభిప్రాయము.

బంగాళాదుంపల చేలు ఒక దయాళువు పట్టుదలపై నిలిచినవి. పన్నుల న్యాయము ప్రజల సమ్మతిపై నిలిచి, ఆతని యనంతరమును సాగెను. సంస్కారమును కోరువారు మొదటిదానిని చూచి సంతసింపవచ్చును, నేర్చుకొనవలసినది రెండవదానినుండియే.