పులిపిరి అనుకున్నది

ఓపీలో పెద్దమ్మ చీర కుచ్చిళ్లు పైకి లాగి, ఎడమకాలు స్టూలు మీద పెట్టింది. మీరూ వంగి చూడండి. చీలమండకు బెత్తెడు పైన రేగుపండంత ఎర్రటి గడ్డ. దూది తాకగానే రక్తం ఊరుతోంది.

"ఏళ్లనాటి పులిపిరి బాబూ. మొన్న సంక్రాంతి నుంచే పెరుగుతోంది. ఒకసారి కాల్పించాను, మళ్లీ లేచింది."

"కాల్చినప్పుడు ముక్క పరీక్షకు పంపారా అమ్మా?"

పంపలేదు. నాకు బాధ కలిగేది ఇక్కడే. ఈ జబ్బు సంగతి చెప్పగలిగింది ఆ ముక్కొక్కటే.

డాక్టరు గజ్జల్లో బిళ్ళలు కట్టాయేమోనని తడిమి చూశాడు. చేతికేమీ తగల్లేదు. మత్తుసూది వేసి గడ్డలోంచి చిన్న ముక్క తీసి ఫార్మలిన్ సీసాలో వేశాడు.

ఇక ల్యాబుకు రండి. మైక్రోస్కోపు కింద ఊదారంగు కణాలు చర్మం పైపొర నుంచి మందపాటి పాయలుగా లోపలికి దిగిపోయాయి. చాలా కణాలు రెండుగా చీలుతూ కనిపిస్తున్నాయి. క్యాన్సరే. కానీ ఏది? చర్మంలో తరచూ వచ్చే స్క్వామస్ రకమూ ఇలాగే కనిపించి మోసం చేస్తుంది. పాథాలజిస్టు డాక్టరమ్మ తొందరపడదు. స్లైడును వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ వెతుకుతోంది. ఆగింది. కణాల గుంపు మధ్య చిన్న గుండ్రటి కంత, దాని చుట్టూ సన్నని గులాబీ అంచు. చెమట నాళం! సీఈఏ, ఈఎంఏ రంగులు వేయిస్తే ఆ అంచే గోధుమరంగులో తేలింది. రిపోర్టులో పోరోకార్సినోమా అని రాసింది. 1963లో పింకస్, మెహ్రెగాన్ తొలిసారి వర్ణించిన అరుదైన చెమటగ్రంథి క్యాన్సర్ ఇది.

థియేటర్లో సర్జన్ గడ్డ చుట్టూ ఆరోగ్యంగా ఉన్న చర్మాన్ని కూడా కలుపుకొని పెన్నుతో గీత గీశాడు. కోసి తీసిన ముక్కకు పైవైపున ఒక దారం కుట్టాడు. ఏ అంచున క్యాన్సర్ మిగిలిందో ల్యాబువాళ్లు చెప్పాలంటే ఆ గుర్తుండాలి. ముక్కను గడ్డకట్టించి, పలుచగా కోసి అంచులన్నీ చూశారు. ఫోను వచ్చింది: అన్నీ శుభ్రం. అప్పుడు గానీ తొడమీది చర్మం తీసి గాయానికి అతికించలేదు.

"ఇక రాదు కదా బాబూ?"

అబద్ధం చెప్పడానికి లేదు. దాదాపు అయిదుగురిలో ఒకరికి తిరగబెడుతుంది. బిళ్ళలకూ ఇంచుమించు అంతమందికి పాకుతుంది. ఒంట్లోకి పాకాక కీమోకు నమ్మకంగా లొంగదు.

"రావచ్చమ్మా. అందుకే మూడు నెలలకోసారి రావాలి. ఈలోగా గజ్జల్లో ఏ చిన్న బిళ్ళ తగిలినా మర్నాడే వచ్చెయ్."

"మరి నాట్లకు దిగొచ్చా?"

"ఈ కారుకు వద్దు. చర్మం పూర్తిగా అతుక్కోనీ."