మేం పోయాక ఎవరు?

మా నాన్నమ్మకి ఆరుగురు పిల్లలు. ఆఖరివాడు పుట్టేనాటికి ఆవిడకి నలభై దాటాయి. 1968, గుంటూరు. పిల్లాడు పాలు సరిగ్గా తాగట్లేదని, మెడ నిలపట్లేదని ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరుగారు చూసి "మంగోల్ బేబీ అమ్మా" అన్నారట. నాన్నమ్మకి మంగోల్ అని వినపడలేదు, "మంగళ" అని వినపడింది. మంగళ అంటే ఆవిడకి తెలిసింది మంగళగిరే. ఆ శనివారమే పిల్లాణ్ణి చంకనేసుకుని కొండెక్కి పానకాల స్వామికి బిందెడు పానకం పోయించింది. పోసినదాంట్లో సగం తాగి సగం తిరిగిచ్చేస్తాడని పేరున్న దేవుడాయన.

ఈ కథ మా ఇంట్లో నవ్వుతూ చెప్పుకుంటారు. దీనికి నవ్వకుండా చెప్పుకునే రెండో సగం ఉంది. తర్వాత ఏటేటా కొండెక్కి నాన్నమ్మ కోరుకున్నది బాబాయికి నయం కావాలని కాదు. "నాకంటే ముందు వీణ్ణి తీసుకుపో స్వామీ" అని. 1991లో నిమోనియా వచ్చి బాబాయి పోయాడు. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్ళు, నాకు మూడేళ్ళు. నాన్నమ్మ ఆ తర్వాత ఇంకో పదహారేళ్ళు బతికింది. స్వామి మాట విన్నాడనే చెప్పేది.

రెండేళ్ళ నుంచి నేను హైదరాబాద్‌లో డౌన్ సిండ్రోమ్ పిల్లల తల్లిదండ్రులు నడుపుకునే ఒక చిన్న బృందానికి ఆదివారాలు వెళ్తున్నాను. నేను చేసేది పెద్ద సేవేం కాదు. ఫారాలు నింపడం. సదరం సర్టిఫికెట్, యుడిఐడి కార్డు, నిరామయ ఇన్సూరెన్సు. వెబ్‌సైట్ మొరాయిస్తే ఎలా బతిమాలాలో సాఫ్ట్‌వేర్ వాడికి తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. మొదటి రోజే ఒక పెద్దాయన "డౌన్ అంటే కింద అనే కదా సార్, తక్కువ అనే కదా?" అని అడిగారు. కాదండీ, అది ఒక డాక్టరు ఇంటిపేరు అన్నాను. "అవునా!" అని ఆయన ఎంత తేలికపడ్డారో! ఇరవై ఆరేళ్ళుగా ఆ మాట ఆయన్ని గుచ్చుతూనే ఉందన్నమాట.

ఆ సాయంత్రమే ఈ చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ నాకొకటి అర్థమైంది. పేరు పెట్టినవాళ్ళ చరిత్ర పుస్తకాల్లో భద్రంగా ఉంది. పెంచినవాళ్ళ చరిత్రని వెతుక్కోవాలి.

*

జాన్ లాంగ్డన్ డౌన్ ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ వాడు. 1858లో, ముప్ఫై ఏళ్ళకే, సర్రీలోని ఎర్ల్స్‌వుడ్ ఆశ్రమానికి సూపరింటెండెంట్ అయ్యాడు. దాని పూర్తి పేరు 'ఇడియట్ల ఆశ్రమం'. ఆ రోజుల్లో ఇడియట్ తిట్టు కాదు, వైద్య పదం. డౌన్ అక్కడ దండనలు మాన్పించాడు, శుభ్రత తెచ్చాడు, పనులు నేర్పించాడు. కెమెరా కొత్తగా వచ్చిన కాలం కదా, అక్కడున్నవాళ్ళని కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. బంధువులు దాచేసిన ముఖాలవి.

1866లో ఆయన ఒక చిన్న వ్యాసం రాశాడు. తన దగ్గరున్న కొందరి ముఖ కవళికలు ఒకేలా ఉన్నాయని, అన్నదమ్ములేమో అనిపించేంత పోలిక ఉందని గమనించాడు. గమనింపు సరైనదే. కానీ దాన్ని అమర్చడానికి ఆయన అందుకున్న చట్రం, అప్పటి యూరప్‌లో చెలామణిలో ఉన్న జాతుల పట్టిక. ఇంగ్లిషు తల్లిదండ్రులకి పుట్టిన ఈ పిల్లలు 'మంగోలియన్ రకం' అన్నాడు. కారణం తల్లిదండ్రుల క్షయ అని ఊహించాడు. రెండూ తప్పే.

అయితే ఆ వ్యాసం చివర ఆయన చేసిన వాదన చాలామంది చెప్పరు. ఒక జబ్బు జాతుల మధ్య గోడలు చెరిపేయగలిగితే, ఆ గోడలు శాశ్వతం కావని, మనుషులంతా ఒకటేనని ఆయన తేల్చాడు. అమెరికాలో బానిసత్వం రద్దయి అప్పటికి ఏడాది. నల్లవాళ్ళు వేరే జీవజాతి అని పండితులు పుస్తకాలు రాస్తున్న రోజులు. ఉదారవాది ఒకడు తప్పుడు సాక్ష్యంతో సరైన వాదన చేశాడు. లోకం వాదనని వదిలేసి సాక్ష్యాన్ని పట్టుకుంది. 'మంగోల్' అన్న మాట వందేళ్ళు నిలిచింది.

1961లో పందొమ్మిది మంది శాస్త్రవేత్తలు ఈ మాట వదిలేద్దామని లాన్సెట్ పత్రికకి ఉత్తరం రాశారు. సంతకాల్లో డౌన్ మనవడు నార్మన్‌ది కూడా ఉంది. 1965లో మంగోలియా దేశం అడిగాక ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట వదిలేసింది. మరో మూడేళ్ళకి గుంటూరులో మా నాన్నమ్మ అదే మాట విన్నది. జెనీవా నుంచి గుంటూరు చాలా దూరం.

*

తర్వాతి మలుపు పారిస్‌లో. మనిషి కణంలో ఉండేది 46 క్రోమోజోములని 1956 దాకా తెలీదు. 48 అనుకునేవాళ్ళు. ఆ లెక్క తేలాక, డౌన్ సిండ్రోమ్ పిల్లల కణాల్లో ఎన్నుంటాయో చూద్దామన్న ఆలోచన వచ్చింది. ట్రూసో ఆస్పత్రిలో రేమండ్ తుర్పాన్ అనే ప్రొఫెసర్ దగ్గర పనిచేస్తున్న మార్త్ గోతియే ఆ పని ఎత్తుకుంది. ఆవిడ పిల్లల గుండె జబ్బుల డాక్టరు. బోస్టన్‌లో ఏడాది ఉన్నప్పుడు కణాలని గాజు పాత్రలో పెంచడం నేర్చుకుంది.

ప్రయోగశాల అంటే పేరుకే. గాజు సామాన్లకి సొంతంగా అప్పు చేసింది. కణాలు పెరగడానికి కావలసిన సీరం కోసం ఒక కోడిపుంజుని పెంచింది, తన రక్తమే తీసుకుంది. 1958లో ఆమెకి స్లైడు మీద 47 కనపడ్డాయి. ఫోటో తీసే మైక్రోస్కోపు ఆమె దగ్గర లేదు. సహోద్యోగి జెరోమ్ లెజూన్ ఫోటోలు తీయించుకొస్తానని స్లైడ్లు తీసుకెళ్ళాడు. 1959 జనవరిలో పేపరు వచ్చింది. మొదటి పేరు లెజూన్. రెండో పేరు ఆమెది, అదీ స్పెల్లింగ్ తప్పుతో. బహుమతులు, సభలు, కీర్తి లెజూన్‌కి వెళ్ళాయి. ఆమె మళ్ళీ పిల్లల గుండెల దగ్గరికి వెళ్ళిపోయింది. 2014లో ఫ్రాన్స్ వైద్య పరిశోధన సంస్థ నైతిక కమిటీ, ఈ ఆవిష్కరణలో ప్రధాన పాత్ర లెజూన్‌ది అయ్యుండే అవకాశం తక్కువని చెప్పింది. అప్పటికి ఆమెకి తొంభై దగ్గరపడ్డాయి.

ఆ 47 వల్ల వ్యాధి నయం కాలేదు. కానీ ఇంకోటి జరిగింది. మా బృందంలో ఒకావిడ పిల్ల రిపోర్టుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచుకున్నారు. ఇప్పుడు దాని అవసరం లేదు కదా ఆంటీ అంటే, "గ్రహణం రోజు వాకిట్లోకి వెళ్ళానని మా అత్తగారు ఆరేళ్ళు అన్నారు బాబూ. ఈ కాయితం చూపించాకే ఆపారు" అన్నారు. ఇరవై ఒకటో క్రోమోజోము రెండు బదులు మూడు రావడం అండం తయారయ్యేటప్పుడు, ఎక్కువసార్లు, జరిగే పొరపాటు. ఎవరూ చేసిన పాపం కాదు. కోడిపుంజుని పెంచిన గోతియే చేసిన మేలు ఈ ఇంటిదాకా వచ్చింది, ఆవిడ పేరు రాకపోయినా.

*

ఇప్పుడు ఒక లెక్క చెప్తాను. 1929లో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళ సగటు ఆయుష్షు దాదాపు 9 ఏళ్ళు. 1949లో 12. ఇవాళ సంపన్న దేశాల్లో అది 60కి దగ్గర. మూడో క్రోమోజోముని సరిచేసే మందు ఈనాటికీ లేదు. మరి ఈ యాభై ఏళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయి?

కొంత యాంటీబయాటిక్స్ నుంచి. కొంత గుండె ఆపరేషన్ల నుంచి. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. ఆపరేషన్ చెయ్యగలిగే రోజులు వచ్చాక కూడా "ఇలాంటి పిల్లలకి ఎందుకు?" అని చాలా ఆస్పత్రులు వెనక్కి పంపేవి. ఎందుకో అడిగి, పోట్లాడి చేయించుకున్నది తల్లిదండ్రులు. మిగతాది, పిల్లలు ఆశ్రమాల్లో కాకుండా ఇళ్ళలో పెరగడం నుంచి.

1946లో ఇంగ్లండ్‌లో జూడీ ఫ్రైడ్ అనే తల్లి, పిల్లల పెంపకం మీద వచ్చే ఒక పత్రికకి ఉత్తరం రాసింది. మాలాంటి పిల్లలున్న తల్లులు ఇంకెవరైనా ఉంటే నాకు రాయండి అని. కట్టలు కట్టలు జవాబులు వచ్చాయి. ఇవాళ మెన్‌కాప్ అని పిలిచే సంస్థ అలా పుట్టింది. 1960లో షికాగోలో కే మెగీకి పాప పుడితే డాక్టర్లు ఆశ్రమంలో వదిలేయమన్నారు. ఆవిడా, భర్త మార్టీ పాపని ఇంటికి తెచ్చుకుని, ఇంకొందరు తల్లిదండ్రులని పిలిచి ముందు గదిలో కూర్చోబెట్టారు. వాళ్ళు పెట్టుకున్న సంఘం పేరులో మొదట 'మంగోలాయిడ్' అన్న మాటే ఉంది. పేరు తర్వాత మార్చుకున్నారు. ముందు కలిసి కూర్చోవడం ముఖ్యం. 1970లో బ్రిటన్‌లో ఒక తండ్రి, రెక్స్ బ్రింక్‌వర్త్ అనే టీచర్, మొదలుపెట్టిన సంఘమే అక్కడి డౌన్స్ సిండ్రోమ్ అసోసియేషన్ అయింది.

ఆ అసోసియేషన్ ఆఫీసు ఇప్పుడెక్కడుందో చూసి కాసేపు చదవడం ఆపాను. 1868లో డౌన్, ఆయన భార్య మేరీ కలిసి నార్మన్స్‌ఫీల్డ్ అనే ఇంట్లో ఈ పిల్లల కోసం ఒక కేంద్రం తెరిచారు. సంగీతం, తోటపని, 1879లో కట్టిన చక్కటి నాటకశాల. నడిపించింది చాలావరకు మేరీయే. వాళ్ళ మనవళ్ళలో ఒకడు, 1905లో పుట్టినవాడు, డౌన్ సిండ్రోమ్‌తోనే పుట్టాడు. కాలక్రమంలో అది సర్కారు ఆస్పత్రి అయింది, పాడైంది. అక్కడి పరిస్థితి భరించలేక 1976లో నర్సులే సమ్మె చేశారు. విచారణ జరిగింది. 1997లో మూతపడింది. ఆ ఇంట్లోనే, ఆ నాటకశాల పక్కనే, ఇప్పుడు తల్లిదండ్రుల సంఘం ఉంది.

*

మన దగ్గరికి వస్తే, 1984లో సికింద్రాబాద్ బోయినపల్లిలో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ వచ్చింది. ఇప్పుడు దాని పేరు మారింది. పాతవాళ్ళు ఇంకా ఎన్ఐఎంహెచ్ అనే అంటారు. చట్టాలు మెల్లగా వచ్చాయి. అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం. దాని గుండెకాయ ఒకే ప్రశ్న: తల్లిదండ్రులు పోయాక ఎవరు? పద్దెనిమిది దాటినవాళ్ళకి చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమించే అధికారం జిల్లా కలెక్టర్ ఉండే స్థానిక కమిటీకి ఇచ్చింది.

ఆ ప్రశ్న నేను ప్రతి ఆదివారం వింటాను. నాన్నమ్మ స్వామిని అడిగిందీ అదే ప్రశ్న. ఆవిడకి కలెక్టరూ కమిటీ లేరు కాబట్టి, జవాబు కూడా ఆవిడే చెప్పుకుంది: ముందు తీసుకుపో. కన్నతల్లి అలా ఎలా కోరుకుందా అని నాకు చాలా ఏళ్ళు కోపం ఉండేది. ఇప్పుడు లేదు. సగటు ఆయుష్షు తొమ్మిదేళ్ళున్నప్పుడు ఈ ప్రశ్నే పుట్టదు. పిల్లలు తల్లిదండ్రుల కంటే ఎక్కువ కాలం బతకబోతున్న మొదటి తరం ఇదే. ఆ యాభై ఏళ్ళు సంపాదించినవాళ్ళే ఇప్పుడు వాటిని ఎవరికి అప్పగించాలా అని తిరుగుతున్నారు.

పోయిన నెల ఒకావిడకి ఆ దరఖాస్తు నింపుతున్నాను. కొడుక్కి ఇరవై ఎనిమిది. పుణేలో ఉన్న అక్కని సంరక్షకురాలిగా పెట్టమని. ఫోటో అతికించే గడి ఉంటుంది. ఇస్త్రీ చొక్కా వేయించి, పౌడరు రాసి, స్టూడియోలో తీయించిన ఫోటో తెచ్చారు. అతను నా పక్కనే కూర్చుని చూస్తున్నాడు. "ఏం రాస్తున్నావ్ అన్నా?" అన్నాడు. అమ్మ తర్వాత నువ్వు అక్క దగ్గర ఉండటానికి అన్నాను. కాస్త ఆలోచించి, "అక్క ఇంట్లో ఏసీ ఉంది. కానీ నేను ఇక్కడే ఉంటా. నా ఫ్రెండ్స్ ఇక్కడ" అన్నాడు.

పెన్ను ఆగింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సంరక్షకుడంటే ఆ మనిషితో సంప్రదించి, కలిసి నిర్ణయించేవాడని చెప్తుంది. నాకా సెక్షన్ తెలుసు. అయినా దరఖాస్తులో మూడు పేజీలు నింపేదాకా అతన్ని ఒక్క మాట అడగాలని తోచలేదు. పేరు పెట్టినవాళ్ళని వదిలి పెంచినవాళ్ళ చరిత్ర వెతుకుతున్నానని మురిసిపోయాను గానీ, బతికేవాళ్ళది మళ్ళీ మూడోది ఉంది. ఆవిడ కూడా కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత "పక్కన పెట్టు బాబూ, అమ్మాయితో మాట్లాడి చూస్తా. వీడితో కూడా" అన్నారు.

ఇంటికెళ్ళి నాన్నకి ఫోన్ చేశాను. బాబాయికి ఏం ఇష్టం ఉండేది నాన్నా అని అడిగాను. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదనుకుంటా, చాలాసేపు అవతల్నుంచి చప్పుడు లేదు.

"గోలీ సోడా," అన్నారు చివరికి. "తాగేవాడు కాదు. కొట్టినప్పుడు చప్పుడొస్తుంది చూడు, అందుకు. బడ్డీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు సోడా అడిగేదాకా నిలబడి ఉండేవాడు."