సున్నా దగ్గర ఆగిపోయిన వాల్యూమ్

ఇంజనీరింగు ఆఖరి ఏడు, కాలేజీ ఫంక్షను. అరువు కీబోర్డు, దానికి వైరుతో తగిలించిన సౌండ్ మాడ్యూలు. ముందు రోజు రాత్రంతా కూర్చుని సీక్వెన్సర్లో పాట ఎక్కించాను. చివర్లో పెడల్ తొక్కుతూ స్ట్రింగ్స్ వాల్యూమ్ మెల్లిగా సున్నాకి దించాను. ఒకసారి విని మురిసిపోయి పడుకున్నా. మర్నాడు స్టేజీ మీద మళ్ళీ తగిలించి ట్రయల్ వేస్తే భేషుగ్గా వచ్చింది. అసలు టైముకి ప్లే నొక్కితే బార్లు కదులుతున్నాయి, శబ్దం లేదు! మొదలంతా స్ట్రింగ్సే మరి. పాడాల్సినమ్మాయి చూసిన చూపు ఇంకా గుర్తే :)

సీక్వెన్సర్ శబ్దాన్ని దాచుకోదు, మనం చేసిన పనుల్ని దాచుకుంటుంది. ఆ పనుల భాష మిడి. 1983 జనవరిలో నామ్ ప్రదర్శనలో డేవ్ స్మిత్ కంపెనీ ప్రాఫెట్-600ని, ఇకుతారో కకెహషి స్థాపించిన రోలాండ్ వాళ్ళ జూపిటర్-6ని కలిపి వాయించి చూపించారు. పోటీ కంపెనీలు ఒక ప్రోటోకాల్ మీద రాజీపడటం మన ఫీల్డులో ఎన్నిసార్లు చూశాం చెప్పండి?

స్పీడు సెకనుకి 31,250 బిట్లు. ఒక వాల్యూమ్ మెసేజికి మూడు బైట్లు, స్టార్టు, స్టాపు బిట్లతో కలిపి 30 బిట్లు, అంటే దాదాపు ఒక మిల్లీసెకను. పదహారు చానెళ్ళకీ వైరు ఒకటే. బైటులో పై బిట్టు "ఇది కమాండా, డేటానా" చెప్పడానికే పోతుంది కాబట్టి విలువలు 0 నుంచి 127 వరకే. (2020లో వచ్చిన మిడి 2.0లో 32 బిట్లు ఇచ్చారు.)

1988లో కోర్గ్ ఎం1 వచ్చాక శబ్దాలు, ఎఫెక్టులు, ఎనిమిది ట్రాకుల సీక్వెన్సర్ ఒకే పెట్టెలో అనేది మామూలైపోయింది. 1986లోనే ఎన్సోనిక్ ఈఎస్‌క్యూ-1లో సీక్వెన్సర్ ఉంది గానీ పేరు ఎం1కే దక్కింది. దాని మెమరీ మహా అయితే 7,700 నోట్లకి. పెడల్ ఒకసారి తొక్కితే పుట్టే పదుల కొద్దీ మెసేజీలూ సర్దుకోవాల్సింది అందులోనే. ఆ రోజుల్లో వాళ్ళు అంత పిసినారిగా ఎందుకు వాయించేవాళ్ళో అర్థమవుతుంది.

నాకు నచ్చిన డిజైను కంట్రోలర్ 7, 11 విడగొట్టడం. 7 మిక్సింగు బాలెన్సుకి, 11 పాటలో ఎత్తుపల్లాలకి. తర్వాత మొత్తం ట్రాకు తగ్గించాలంటే 7 ఒక్కటి మారిస్తే చాలు, వాయించిన హావభావం చెడదు. నేను ఫేడవుట్ 7 మీదే చేశాను. ట్రయల్ చివర్న వచ్చిన సున్నాని మాడ్యూలు అలాగే పట్టుకుని కూర్చుంది, పాట మొదట్లో 100 అని చెప్పినవాడు లేడు. ఇనిషియలైజ్ చెయ్యని వేరియబులే!

ఆ రోజు కంగారులో మాడ్యూలు ఆపి మళ్ళీ ఆన్ చేశా. పాట వచ్చింది. ఎందుకొచ్చిందో తెలియడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది.