టైము ఎవరి చేతిలో ఉంది?

చట్టసభలో ఓట్ల లెక్కే అసలు సంగతి అని మనం చదువుకున్నాం. మరి బిల్లును ఓటింగు దాకా రానిచ్చేదెవరు?

హిందూ కోడ్ బిల్లు 1948 ఏప్రిల్‌లో సెలెక్ట్ కమిటీకి పోయింది. మూడేళ్లు నానింది. 1951 సెప్టెంబరులో నాలుగు క్లాజులు అయ్యాక, టైము చాలదంటూ పక్కన పెట్టేశారు. ఓటేసి ఓడించలేదు, వాయిదాతో చంపారు. న్యాయశాఖ మంత్రి అంబేద్కర్ ఆ నెల 27న రాజీనామా ఇచ్చారు. అక్టోబరులో కారణాలు చెప్పబోతే, ప్రకటన కాపీ ముందే ఇమ్మన్నారు. ఆయన సభ విడిచి వెళ్లిపోయారు. ఆ అంశాల మీదే 1955-56లో నాలుగు చట్టాలొచ్చాయి. అప్పుడు టైము ఎట్లా దొరికింది?

1952 నుంచి లోక్‌సభలో ప్రభుత్వ బిల్లులకు ఎన్ని గంటలో సిఫారసు చేసేది బిజినెస్ అడ్వైజరీ కమిటీ. ఏ బిల్లు ముందో తేల్చేది ప్రభుత్వం. సీట్లు అడుగుతున్నాం, సరే. గంటల లెక్క కూడా మనం అడగాల్సిందే.