జె గ్రాహకాలు

జె గ్రాహకాలు ఊపిరితిత్తుల్లో, వాయుగోణుల గోడల్లో రక్తకేశనాళికలను ఆనుకొని ఉండే నాడీ అంత్యాలు. వీటి సంకేతాలు వేగస్ నాడిలో మైలిన్ తొడుగు లేని సన్నని తంతువుల గుండా మెల్లగా మజ్జాముఖానికి చేరతాయి. వీటిని గుర్తించిన అవతార్ సింగ్ పెయింటల్ (1925–2004) ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు చాలాకాలం డైరెక్టర్‌గా, తర్వాత భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. శ్వాస నియంత్రణలో ఈ గ్రాహకాల స్థానం గురించి రెండు అతి వాదాలు ప్రచారంలో ఉన్నాయి. శ్రమ చేసినప్పుడు వచ్చే ఆయాసానికంతటికీ ఇవే మూలమన్నది ఒకటి. పేరే తప్ప వీటికి విడి ఉనికి లేదన్నది మరొకటి. ఆధారాలు ఈ రెండింటినీ పూర్తిగా బలపరచవు. వాటి వల్ల తేలేది వేరు: రక్తంలోని వాయువులు మారేదాకా ఆగకుండానే, తనలో నీరు ఊరుతున్న సంగతిని ఊపిరితిత్తి నేరుగా మెదడుకు తెలపగలదు.

దీని విలువ తెలియాలంటే అంతకుముందు పాతుకుపోయిన సిద్ధాంతం ఎంత బలమైనదో చూడాలి. వాయుగోణుల్లో కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి ఇంచుమించు స్థిరంగా ఉంటుందనీ, అక్కడ దాని వాటా 0.2 శాతం పెరిగితే చాలు, లోపలికీ బయటికీ సాగే గాలి రెట్టింపవుతుందనీ హాల్డేన్, ప్రీస్ట్లీ 1905లో చూపారు. కార్న్‌వాల్ గని లోతులోనూ బెన్ నెవిస్ శిఖరం మీదా కొలిచి మరీ చెప్పిన మాట అది. ఆక్సిజన్ లోటును పసిగట్టే గ్రాహకాలు మెదడులో కాక మెడలోని కెరోటిడ్ ధమని దగ్గర, మహాధమని దగ్గర ఉన్నాయని నిరూపించిన కార్నీల్ హేమాన్స్‌కు 1938 నోబెల్ బహుమతి దక్కింది. కెరోటిడ్ దగ్గరి గ్రాహకాల నిర్మాణాన్ని అంతకుముందే వివరించి, అవి రక్తపు రసాయన స్థితిని పసిగడతాయని సూచించిన ఫెర్నాండో డి కాస్ట్రోకు అందులో భాగం రాకపోవడం అన్యాయమనే వారి వాదనే సబబుగా తోస్తుంది. ఏమైనా శ్వాసను నడిపేది ప్రధానంగా రక్త రసాయనమే అన్న అభిప్రాయం స్థిరపడింది. ఊపిరితిత్తి సాగడాన్ని తెలిపే వేగస్ సంకేతాలను హెరింగ్, బ్రాయర్ 1868లోనే వివరించినా, అవి ఒక్కో శ్వాస ఎక్కడ ఆగాలో చెప్పేవిగానే లెక్కకు వచ్చాయి. ఎడమ గుండె బలహీనపడిన రోగి మాత్రం ఈ లెక్కకు లొంగడు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగకపోయినా, కొన్నిసార్లు మామూలు కంటే తగ్గినా, ఎగశ్వాస అతణ్ణి వదలదు.

గ్రంథాల్లో ఈ గ్రాహకాలను కనుగొన్న సంవత్సరం సాధారణంగా 1955 అని ఉంటుంది. ఈ తేదీని కొంత జాగ్రత్తగా తీసుకోవాలి. ఫినైల్ డైగ్వనైడ్ అనే రసాయనాన్ని పిల్లుల రక్తంలోకి ఎక్కిస్తే ఊపిరి కాసేపు ఆగి, ఆపై వేగంగా, పైపైన సాగుతుందనీ, గుండె వేగమూ రక్తపోటూ పడిపోతాయనీ డాస్, మాట్, విడికాంబ్ 1951లోనే ప్రకటించారు. అంటే ప్రతీకార చర్య ముందే తెలుసు, దాన్ని పుట్టించే నాడీ అంత్యాలే తెలియవు. పెయింటల్ వేగస్ నాడిని ఒక్కొక్క తంతువుగా విడదీసి, ఆ రసాయనానికి స్పందించే తంతువులను పట్టుకున్నారు. అయితే 1955 వ్యాసంలో ఆయన వాటిని ఊపిరితిత్తి ముడుచుకోవడాన్ని గ్రహించేవిగా పేర్కొన్నారు. జె అన్న పేరుతో, సహజ ప్రేరకం ఏమిటన్న వివరణతో వచ్చిన ప్రధాన వ్యాసం 1969 నాటిది. తంతువులు దొరికిన సంవత్సరంగా 1955 సరైనదే. వాటి పని తెలిసిన సంవత్సరంగా 1969ని చెప్పడమే న్యాయం.

1969 వ్యాసంలోని తర్కం నేటికీ చదవదగినది. రసాయనాన్ని గుండె కుడి భాగంలోకి ఎక్కిస్తే గ్రాహకాలు త్వరగా స్పందించాయి, ఎడమ భాగంలోకి ఎక్కిస్తే ఆలస్యమైంది. కనుక అవి ఊపిరితిత్తుల రక్తప్రసరణ దారిలోనే ఉండాలి. ఆవిరిగా మారే మత్తుమందును ఊపిరితిత్తుల్లోకి ఊదినప్పుడు దాదాపు వెంటనే స్పందించాయి కనుక వాయుగోణులకూ దూరంగా ఉండవు. ఈ రెండూ కలిసే చోటు కేశనాళిక పక్కనున్న సన్నని సందు. నెమ్మదిగా ఊపిరి తీస్తున్నప్పుడు ఈ గ్రాహకాలు ఇంచుమించు మౌనంగా ఉంటాయి. ఊపిరితిత్తుల్లో రక్తం నిలవబడినప్పుడు, క్లోరిన్ వల్లనో అలాక్సాన్ అనే రసాయనం వల్లనో నీరు చేరినప్పుడు జోరందుకుంటాయి. కేశనాళికల నుంచి ద్రవం ఊరి ఆ సందు ఉబ్బడమే సహజ ప్రేరకమని పెయింటల్ తేల్చారు. నాడీ తంతువులు అక్కడిదాకా వెళ్తాయా అన్న సందేహానికి 1971లో మేరిక్, రీడ్ ఎలుకల వాయుగోణుల గోడల్లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో వాటిని చూపి జవాబిచ్చారు. ఈ గ్రాహకాలను ప్రేరేపిస్తే కాళ్ల కండరాల ప్రతీకార చర్యలు అణగిపోతాయని 1970లో దేశ్‌పాండే, దేవనందన్ పిల్లుల్లో చూపారు. ఊపిరితిత్తుల్లో రక్తం నిలవబడే స్థితిలో శ్రమను ఆపించే ఏర్పాటు ఇదేనన్న పెయింటల్ ఊహకు అది ఊతమైంది.

అభ్యంతరాలు తక్కువేమీ కావు. కోలరిడ్జ్ దంపతులు ఊపిరితిత్తుల్లోని మైలిన్ లేని వేగస్ తంతువులను, అవి ఏ రక్తప్రసరణకు అందుబాటులో ఉన్నాయన్న దాన్ని బట్టి, శ్వాసనాళాలవిగా, ఊపిరితిత్తులవిగా విభజించారు. ఆ వర్గీకరణలో జె గ్రాహకాలు రెండో తెగలో ఇమిడిపోతాయి. ఇది పేరును మార్చే అభ్యంతరమే గాని, చోటునూ పనినీ కొట్టివేసేది కాదు. మరింత బరువైన అభ్యంతరం గుండె, ఊపిరితిత్తులు రెండూ మార్పిడి చేయించుకున్న వారి నుంచి వచ్చింది. వారి ఊపిరితిత్తులకు వేగస్ సంబంధం తెగిపోయినా, వ్యాయామంలో శ్వాస అవసరానికి తగినట్టే పెరుగుతుంది. ఆరోగ్యవంతుడి వ్యాయామశ్వాసకు జె గ్రాహకాలే కారణమన్న వాదం దీంతో నిలవదు. అయితే ఆ ఊపిరితిత్తుల్లో నీరు చేరలేదు కనుక, రోగి ఆయాసానికి ఈ ఆధారం వర్తించదు. మెడలో వేగస్ నాడులను మందుతో తిమ్మిరెక్కించినప్పుడు మనుషులు ఊపిరి ఎక్కువసేపు బిగబట్టగలిగారనీ, కార్బన్ డయాక్సైడ్ వల్ల కలిగే ఇబ్బంది తగ్గిందనీ గజ్ బృందం 1966లో ప్రకటించింది. కొద్దిమంది మీద చేసిన పరీక్ష అది. పైగా వేగస్‌లో జె తంతువులు మాత్రమే ఉండవు. కాబట్టి ఆయాస భావన ఊపిరితిత్తుల నుంచి కూడా పుడుతుందనడానికి అది ఆధారమవుతుంది గాని, జె గ్రాహకాల నుంచేనని చెప్పడానికి చాలదు. పెయింటల్ ఢిల్లీ బృందం 1995లో లోబెలిన్ అనే రసాయనంతో మనుషుల్లో గొంతు, ఎదపై భాగాల్లో కలిగిన ఒత్తిడి భావనను ఈ గ్రాహకాలకు ముడిపెట్టింది. లోబెలిన్ కెరోటిడ్ గ్రాహకాలనూ ప్రేరేపిస్తుంది కనుక ఆ ఫలితాన్ని సూచనగా తీసుకోవడం మేలు.

కనుక గుండె జబ్బులో ఊపిరితిత్తులు రక్తంతో నిండినప్పుడు వచ్చే వేగమైన, పైపై శ్వాసకు జె గ్రాహకాలు ఒక కారణమన్న మాట ఇప్పటికి నిలబడుతుంది. ఆరోగ్యవంతుడి వ్యాయామశ్వాసలో వాటి పాత్ర మాత్రం నిరూపణ కాలేదు.