సర్వసిద్ధి రాయవరం సీమలో సేవా సంఘాలు

ఈ శతాబ్ది సంచికలో మన దేవాలయాల నిర్మాణమును గూర్చి, కాపరుల సేవను గూర్చి పెద్దలు వ్రాయుచున్నారు. ఆ భాగం వారికి విడిచిపెట్టి, మనందరికీ కొంత కొంత తెలిసియుండి కూడా ఎవరూ కాగితం మీద పెట్టని విషయమొకటి నేను ఎత్తుకొంటున్నాను. నిన్నటి విశాఖపట్నం జిల్లాలో, నేటి అనకాపల్లి జిల్లాలో, ఎస్. రాయవరం, యలమంచిలి, రాంబిల్లి ప్రాంతాల పల్లెల బాగు కొరకు జీతం ఆశించక పూనుకొన్న సంఘాలు ఎట్లు పుట్టినవి, ఏవి నిలిచినవి, ఏవి పోయినవి అన్నదే ఆ విషయం. వీటిలో చాలావరకు క్రైస్తవ సంఘాలు కావు. అయినా ఊరి బడి, ఊరి పొదుపు సంఘం, ఊరి చెరువు మనకు వేరుగా లేవు గనుక ఇది మన చరిత్ర కూడా.

ముందు ఊరి పేరు సంగతి. ఎస్. రాయవరంలోని 'ఎస్' అను అక్షరం 'సర్వసిద్ధి'కి పొట్టి రూపమని మన యువకులలో అందరికీ తెలియదు. ఇంగ్లీషు దొరతనం కాలంలో ఈ సీమకు సర్వసిద్ధి తాలూకా అనే పేరుండేది. కచేరీ మాత్రం యలమంచిలిలో ఉండేది. తాలూకా పేరు పోయి, 1985లో మండలాలు వచ్చి, 2022లో జిల్లాయే మారిపోయినా, ఆ ఒక్క అక్షరం ఊరి ముందు మిగిలిపోయినది. గురజాడ అప్పారావుగారు 1862 సెప్టెంబరు 21న జన్మించినది ఈ రాయవరంలోనే, మాతామహుల ఇంట. ఆయన పేరు ప్రతిష్ఠలన్నీ విజయనగరంలో వచ్చినవే. అయినప్పటికీ ఆయన దేశభక్తి గేయాన్ని పాడని సేవా సంఘం తెలుగు దేశంలో అరుదు గనుక, సేవను గూర్చి మాట్లాడునప్పుడు ఆయన పుట్టిన ఊరి నుండి మొదలుపెట్టుట తప్పు కాదనుకొంటాను.

మొట్టమొదట వచ్చినవి పఠన మందిరాలు. విశాఖపట్నంలో 1886లోనే ప్రజల పూనికతో గ్రంథాలయం వెలసినది. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలైనవారు గ్రంథాలయాల ప్రతినిధుల సభ జరిపిన పిమ్మట, తెలుగు జిల్లాలలో ఆ పని ఉద్యమ రూపం దాల్చినది. ఊరిలో ఒకరు అరుగు ఇచ్చేవారు, ఒకరు బీరువా ఇచ్చేవారు, పది మంది కలిసి పత్రికకు చందా కట్టేవారు. సాయంత్రం ఒకరు చదివితే ఇరవై మంది వినేవారు. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా డెల్టా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పించారు. ఈ పనికి ప్రభుత్వ ధనం లేదు. తరువాత 1948లో మద్రాసు రాష్ట్రంలో గ్రంథాలయ చట్టం వచ్చి, ఇంటిపన్ను మీద సెస్సు విధించబడి, గ్రంథాలయములు ప్రభుత్వ ఏర్పాటు క్రిందకు వచ్చినవి. ఇది మంచిదే. జీతము గల గ్రంథపాలకుడు వచ్చాడు, పుస్తకాలు క్రమముగా వచ్చినవి. కాని అరుగు ఇచ్చిన ఇంటివారికి, చందా కట్టిన పదిమందికి ఇక పని లేకపోయినది. 'మన లైబ్రరీ' అన్నది 'గవర్నమెంటు లైబ్రరీ' అయినది. ఈ మార్పును జ్ఞాపకముంచుకొనవలెనని మనవి. తరువాతి కథలో ఇది మరల మరల ఎదురగును.

రెండవది సహకార సంఘం. దీనిని సేవ అనవచ్చునా అని కొందరు సందేహించవచ్చు. నా మట్టుకు అనవచ్చును. వరాహ నది ఒడ్డున, యలమంచిలి మండలంలో ఉన్న ఏటికొప్పాకలో 1933లో రైతులు సహకార పద్ధతిపై చక్కెర కర్మాగారం స్థాపించుకొన్నారు. దేశంలోని తొలి సహకార చక్కెర ఫ్యాక్టరీలలో అది ఒకటి. అంతకుముందు చెరకు రైతుకు ఉన్న దారి బెల్లం వండి వర్తకునికి పోయుట. ధర వర్తకుడు చెప్పినదే. వాటాలు వేసుకొని తమ ఫ్యాక్టరీ తాము పెట్టుకొనుట ఆ రోజులలో చిన్న సాహసం కాదు. కొన్ని తరాలవారి పిల్లల చదువులు, పెండ్లిండ్లు ఆ చెరకు సొమ్ముతో జరిగినవి. చివరకు నష్టాలతో, రైతుల బకాయిలతో కుంటుపడి, ఇటీవలి సంవత్సరాలలో అక్కడ క్రషింగు ఆగిపోయినది. అదే ఊరిలో అంకుడు కర్రతో, లక్కతో బొమ్మలు చేయు విద్య మాత్రం నిలిచినది. ప్రకృతి రంగులను మరల వాడుకలోనికి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చినది. అంత పెద్ద ఫ్యాక్టరీ ఆగి, చిన్న తిరగలి వంటి బొమ్మల మిషను తిరుగుచుండుట ఆలోచించదగిన విషయం.

మన సంఘాల వైపు కూడా ఒక మాట చెప్పవలెను. 1912లో దోర్నకల్లుకు బిషప్పుగా అభిషేకించబడిన అజరయ్యగారి కాలంలో, పల్లె సంఘాల స్త్రీలు వంటకు బియ్యం కొలుచునప్పుడెల్లా ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం దేవాలయానికి తెచ్చుట వాడుక. కూలి చేసుకొను బీద స్త్రీల చేతిలో రూపాయి ఉండదు. బియ్యం మాత్రం వారి చేతి మీదుగానే పోవును. కనుక భర్తను అడుగనక్కర లేకుండా వారు ఇవ్వగలిగినది అదొక్కటే. పేదవారు ఇవ్వలేరు, పుచ్చుకొందురంతే అనుకొనువారికి ఆ కుండ జవాబు. తరువాత యాభై అరవై ఏండ్లకు పొదుపు సంఘాలు కనిపెట్టిన రహస్యం కూడా అదే.

ఇక అసలు విషయానికి వస్తాను. రాంబిల్లి మండలంలో దిమిలి అనే గ్రామం కలదు. ఆ ఊరివారైన డాక్టర్ భాగవతుల వెంకట పరమేశ్వరరావుగారు అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, పెద్ద ఉద్యోగాలకు అవకాశముండి కూడా 1960ల చివరలో సొంత ఊరికి తిరిగివచ్చారు. చదువుకొన్నవాడు ఊరు విడిచిపోవుట వింత కాదు. తిరిగి వచ్చుట వింత. వచ్చి ఆయన తన పథకమేదో ఊరి నెత్తిన రుద్దలేదు. ఊరివారు కోరినది హైస్కూలు. పిల్లలు పై తరగతులకు దూరం నడవవలసి వచ్చెడిది. ఆడపిల్లలకైతే ఆ దూరమే చదువుకు ముగింపు. ఊరివారే పూనుకొని, చందాలు వేసుకొని, శ్రమదానం చేసి ఆ బడి నిలబెట్టారు. ప్రభుత్వం బడి ఇచ్చినదని గాక మనం బడి కట్టుకొన్నామని చెప్పుకొను భాగ్యం ఆ ఊరికి దక్కినది.

దాని మీదనే తక్కిన పని పెరిగినది. 1976లో యలమంచిలి కేంద్రంగా భాగవతుల చారిటబుల్ ట్రస్టు ఏర్పడినది. జనం దానిని బి.సి.టి. అని పిలుస్తారు. క్రమేణా అది చుట్టుపట్ల మండలాల పల్లెలకు వ్యాపించినది. బడికి పోని పిల్లలకు, పెద్దలకు రాత్రి బడులు, ఆరోగ్య కార్యకర్తల శిక్షణ, సేద్యంలో కొత్త పద్ధతులు, స్త్రీల పొదుపు సంఘాలు దాని ముఖ్య కార్యక్రమాలు. పంచదార్ల కొండ ప్రాంతంలోని బీడు భూములలో చెట్లు పెంచు పని కూడా చేపట్టబడినది. అట్టి నేలలో మొక్క నాటుట సులభం, బ్రతికించుట కష్టం. వాన నీరు కొండ వాలున జారిపోకుండా అడ్డముగా కందకాలు త్రవ్వవలెను. మేకలను, కట్టెలు కొట్టువారిని కొన్ని ఏండ్లు ఆపవలెను. మొదటిది కూలితో జరుగును. రెండవది ఊరంతా ఒప్పుకొన్న గాని జరుగదు. హరిపురంలో కృషి విజ్ఞాన కేంద్రం కూడా ఈ ట్రస్టు ఆధ్వర్యంలోనే వెలసినది.

ఈ పనులన్నిటిలో నాకు ముఖ్యముగా తోచినది స్త్రీల పొదుపు. దాని లెక్క ఎంత చిన్నదో చూడండి. పదిహేను మంది స్త్రీలు, తలకు రోజుకు ఒక రూపాయి. నెలకు నాలుగువందల యాభై, ఏడాదికి అయిదువేల నాలుగువందలు. ఇదేమి సొమ్ము అని నవ్వవచ్చు. కాని పల్లెలో నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ సామాన్యం. అనగా ఏడాదికి ముప్పదియారు. బిడ్డకు జ్వరం వచ్చిన రాత్రి అయిదు వందలు కావలసిన తల్లి షావుకారు గుమ్మం ఎక్కవలెను, లేదా చెవి కమ్మ తాకట్టు పెట్టవలెను. సంఘంలో తీసుకొంటే ఆమె కట్టిన వడ్డీ తిరిగి సంఘంలోనికే వచ్చును. ఆ డబ్బు ఊరు దాటదు. పైగా ఆమె ఎవరి ముందూ చేతులు కట్టుకొని నిలువనక్కర లేదు. ఈ రెండవ లాభాన్ని ఏ లెక్కల పుస్తకంలోనూ వ్రాయరు.

అయితే ఆ పుస్తకం ఎవరు వ్రాయుదురు? చిక్కంతా అక్కడే. 1981 జనాభా లెక్కల ప్రకారం మన రాష్ట్రంలో స్త్రీల అక్షరాస్యత సుమారు 20 శాతం. పల్లెలలో ఇంకా తక్కువ. పదిహేను మందిలో చదువు వచ్చినది ఒక్కరికే అయితే సంఘం ఆ ఒక్కరిదే అగును. ఆమె మంచిదైనా అంతే. చదువు వచ్చిన ఆమె లేకపోతే ఆమె కుమారుడో, మరిదియో వచ్చి పద్దు వ్రాయును. మరు నెల సలహా చెప్పును. పై ఏడు పెత్తనం చేయును. కనుకనే రాత్రి బడి లేని పొదుపు సంఘం కుంటి సంఘమని నా అభిప్రాయం. తన పేరు ఎదుట వ్రాసిన అంకె తాను చదువుకోగలిగిన రోజుననే ఆ స్త్రీ సభ్యురాలు అగును. అంతవరకు ఆమె చందాదారు మాత్రమే.

ఇది ఈ సీమకే పరిమితమైన అనుభవం కాదు. నెల్లూరు జిల్లాలో 1990 ప్రాంతంలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు, పాఠంలో సారా సంగతి చదివిన స్త్రీలు దూబగుంటలో సారా దుకాణానికి ఎదురు తిరిగారు. రోశమ్మగారి పేరు రాష్ట్రమంతా మ్రోగినది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధించబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో సడలిపోయినది. నిషేధం పోయినా ఆ స్త్రీల సంఘాలు పొదుపు సంఘాలై నిలిచినవి. 1982లో ద్వాక్రా, 2000లో వెలుగు పథకం రాగా, రాష్ట్రమంతటా లక్షలాది స్త్రీలు సంఘాలలో చేరారు. మంచి జరిగినది, కాదనుట అన్యాయం. కాని ఇక్కడ కూడా పఠన మందిరాల కథే కొంతవరకు తిరిగి జరిగినది. పొదుపు వెనుకబడి అప్పు ముందుకు వచ్చినది. 'ఈ వారం మనం ఎంత వేసుకొన్నాం' అన్న ప్రశ్న పోయి 'ఈసారి ఎంత ఇస్తారట' అన్న ప్రశ్న వచ్చినది. దానికి తోడు ప్రైవేటు సూక్ష్మరుణ కంపెనీలు వారం వారం వాయిదాలతో పల్లెలలో దిగి, ఒకే ఇంటికి మూడు నాలుగు అప్పులు అంటగట్టి, వసూలుకు సాటి స్త్రీలనే గుమ్మం ముందు కూర్చోబెట్టిన రోజులు వచ్చినవి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆపవలసి వచ్చినది. ఒకరి కష్టానికి మరొకరు నిలబడు పూచీ అనే పద్ధతియే అక్కడ ఒకరి మెడ మీద మరొకరు కూర్చొను పద్ధతిగా మారినది. పనిముట్టు ఒకటే. అది ఎవరి చేతిలో ఉన్నదన్నదే తేడా.

'వాలంటీరు' అన్న మాటకు కూడా మన కాలంలో అర్థం మారినది. 2019 ఆగస్టు 15న ప్రభుత్వం యాభై ఇండ్లకు ఒకరు చొప్పున నెలకు అయిదు వేల గౌరవ వేతనంపై గ్రామ వాలంటీర్లను నియమించినది. ముసలివారికి పింఛను ఇంటికే వచ్చినది. ఎందరో యువతీ యువకులు ఆ పని శ్రద్ధగా చేశారు. 2024 తరువాత ఆ ఏర్పాటు కొనసాగలేదు. దానిలోని రాజకీయం నాకు అక్కరలేదు. కాని ఇప్పుడు పల్లెలో ఒక యువకుని 'వాలంటీరుగా రా' అని పిలిస్తే 'జీతమెంత?' అని అడుగును. అది అతని తప్పు కాదు. ఆ మాటను అతడు ఆ అర్థంలోనే విన్నాడు.

పరమేశ్వరరావుగారు 2019లో పరమపదించారు. అంతటి వ్యక్తి వెళ్లిపోయిన తరువాత ఏ సంస్థకైనా గడ్డుకాలమే. అందులో మన సీమ రూపే మారిపోయినది. అచ్యుతాపురం, రాంబిల్లి వైపు కంపెనీలు వచ్చినవి. తెల్లవారుజామున కంపెనీ బస్సు ఎక్కినవారు రాత్రికి గాని ఇల్లు చేరరు; షిఫ్టు మారితే ఆదివారం కూడా ఉండదు. సాయంత్రం అరుగు మీద కూర్చొని సంఘం నడుపు వయస్సువారే ఊరిలో లేరు. చెరకు తగ్గినది. పొదుపు సంఘంలో లెక్క ఇప్పుడు ఫోనులో ఉండును. వ్రాత తప్పు కాదు గాని, వేలు పెట్టి 'ఇది నా అంకె' అని చూపించుకొను పుస్తకం లేదు.

సంచిక సంపాదకులకు, పాస్టరేటు పెద్దలకు ఒక విన్నపం. మన స్త్రీల మైత్రి పాత పద్దు పుస్తకాలు, పిడికెడు బియ్యపు లెక్కలు, మన ఇండ్లలోని తల్లులు దాచిన పొదుపు సంఘాల పాసు పుస్తకాలు, రాత్రి బడి పలకలు, హాజరు పట్టీలు ఎవరి వద్దనైనా ఉన్న యెడల చెదలు తినకముందే తెచ్చి దేవాలయపు బీరువాలో ఉంచవలెను. వేలిముద్రలతో మొదలై, కొన్ని పుటల తరువాత వంకర టింకర సంతకాలు కనబడు పుస్తకం దొరికితే దానిని అట్ట చిరిగినదని పారవేయవద్దు.