మూడింటి పొత్తు కుదిరితేనే పాట

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మిత్రులు కోరినప్పుడు, ఆఫీసు ముచ్చట్లు కాక మన ఆదివారాల ముచ్చట రాద్దామనిపించింది. హైదరాబాదులో 1935లో దక్కన్ రేడియో మొదలైంది. వినడం అలవాటయ్యాక, బాగా వినాలన్న కోరిక వెంటే వచ్చింది. కోఠీ గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొని యాంప్లిఫయరు కట్టుకుని, వడ్రంగి చేత స్పీకరు పెట్టె చేయించుకున్నవారు మనలో ఎందరో ఉన్నారు.

ఇప్పటి కోన్ స్పీకరుకు 1925లో అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇంజనీర్లు రూపమిచ్చారు. వాల్వుల రోజుల్లో యాంప్లిఫయరుకూ స్పీకరుకూ నడుమ ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు పెళ్లిళ్ల పేరయ్యలా ఉండేది. వాల్వు కోరే లోడు సుమారు 5,000 ఓములు, స్పీకరుది 8 ఓములు. చుట్లు 25కు 1 చొప్పున ఉంటే రెండూ కలిసేవి. ట్రాన్సిస్టర్లు వచ్చాక ఆ పేరయ్య తప్పుకొన్నాడు. ఖర్చు తగ్గింది గాని, జోడీ కుదిర్చే బాధ్యత మన మీద పడింది.

పెట్టె సంగతి ఇంకా ఆలస్యంగా తేలింది. పెద్ద పెట్టె అయితే మంచిదనే లెక్కతోనే చాలాకాలం గడిచింది. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, 1970లలో రిచర్డ్ స్మాల్ దీన్ని గణితంలోకి తెచ్చారు. ఒక ఉదాహరణ చూడండి. స్పీకరు సహజంగా 40 హెర్ట్జ్ దగ్గర కంపిస్తుంది, దాని బిగువు 60 లీటర్ల గాలి బిగువుకు సమానం అనుకుందాం. దాన్ని 20 లీటర్ల మూసిన పెట్టెలో బిగిస్తే ఆ కంపనం 80 హెర్ట్జ్‌కు చేరుతుంది. మృదంగం ఎడమవైపు పలికే బరువైన నాదం పలచబడుతుంది. స్పీకరు ఎంత ఖరీదైనదైనా అంతే.

పదవీ విరమణ తర్వాత నేను తుక్కుగూడలో స్థిరపడ్డాను. 2008లో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమై, ఔటర్ రింగు రోడ్డు వచ్చాక ఈ ఊరు చాలా మారింది గాని, వినాయక చవితి మైకు మారలేదు. ఒక ఏడు మా వీధి పిల్లలు నాలుగు 8 ఓముల స్పీకర్లను సమాంతరంగా కలిపారు. లోడు 2 ఓములకు పడిపోయింది. కనీసం 4 ఓములు కోరే యాంప్లిఫయరు వేడెక్కి ఆగిపోయింది.

"తాతా, వాట్లు తక్కువైనయా?" అన్నారు.

"వాట్లు కాదు బిడ్డా, పొత్తు కుదరలే" అని, రెండేసి స్పీకర్లను వరుసగా కలిపి, ఆ రెండు జతలను సమాంతరంగా కలపమన్నాను. లోడు మళ్లీ 8 ఓములైంది. యాంప్లిఫయరు చల్లారాక పాట మొదలైంది.

మిత్రులారా, అటక మీది పాత స్పీకర్లను పాత సామాన్ల వాడికి వేసేముందు, వెనక రాసిన ఓములు ఒక్కసారి చూడండి. వాల్వు యాంప్లిఫయరైతే స్పీకరు తగిలించకుండా నడపకండి, ట్రాన్స్‌ఫార్మరు పాడవుతుంది. స్విచ్చి ఆపినా లోపల ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉంటుంది, పిల్లలను ముట్టుకోనివ్వకండి. ఆ తర్వాత మనవలను దగ్గర కూచోబెట్టుకుని ఈ లెక్క చెప్పండి. పెట్టె ఎవరింట్లోనైనా మిగులుతుంది. లెక్క మాత్రం మనం చెబితేనే మిగులుతుంది.